రోల్‌ప్లేయింగ్ ఆటల్లో స్వేచ్ఛ, న్యాయం: హస్తినాపుర సభ నుంచి నేటి ఢిల్లీ దాకా

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర పుచ్చుకుని, మాటలతో కథ నడిపే ఆట. వారిలో ఒకరు గేమ్ మాస్టర్. ఊరూ వాడా, కోటా అడవీ, శత్రువులూ మిత్రులూ ఎలా ఉన్నారో చెప్పేది ఆయనే. మిగిలినవారు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం ఎటూ తేలనప్పుడు పాచికలు వేస్తారు. చదరంగంలో వేయదగిన ఎత్తులన్నీ నియమాల్లోనే ఉంటాయి. ఇక్కడ ఆటగాడు తలపెట్టే పనికి అలాంటి హద్దు లేదు. కావలివాడితో పోరాడవచ్చు, లంచం ఇవ్వవచ్చు, పాట పాడి నిద్రపుచ్చవచ్చు. ఇంత వెసులుబాటు ఉన్నచోట రెండు ప్రశ్నలు తప్పవు. ఆటగాడి నిర్ణయానికి నిజంగా విలువ ఉందా? ఫలితం న్యాయంగా తేలిందా?

ఈ ప్రశ్నలను ఢిల్లీ రాజధాని ప్రాంతం చాలా పూర్వమే ఎదుర్కొంది. భారత కథలో పాచికలాట జరిగిన హస్తినాపురం పేరున్న ఊరు నేటి మీరట్ జిల్లాలో ఉంది. ఆ ఆటకు పిలుపు అందిన ఇంద్రప్రస్థం ఢిల్లీలోని పురానా ఖిలా చోటనే ఉండేదని సంప్రదాయం. ఈ నేల మీది పాత ఆటలను, నేటి ఆటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. న్యాయానికి పాచికల నిజాయితీ ఒక్కటే చాలదు. పణం ఏమిటో ముందుగా తెలియాలి, కాదనే వీలుండాలి, ఎంచుకున్న దారికి తగిన ఫలితం దక్కాలి. ఈ మూడూ ఆటగాడి హక్కులు.

పాచికల నేల

హరప్పా నాగరికతకు తూర్పు అంచుగా పేరుపడ్డ ఆలంగీర్‌పుర్ కూడా మీరట్ జిల్లాలోనిదే. 1958-59లో అక్కడ జరిగిన తవ్వకాల్లో ఘనాకారపు పాచిక దొరికింది. హస్తినాపురంలో 1950-52 మధ్య బి.బి. లాల్ తవ్వకాలు జరిపి చిత్రిత బూడిదరంగు మృణ్మయ పాత్రలను, గంగ వరదకు ఊరు దెబ్బతిన్న ఆనవాళ్లను వెలికితీశారు. పురానా ఖిలాలోనూ ఆయన 1954-55లో మొదటి విడత తవ్వకాలు చేయించారు. ఆ కోట గోడల మధ్య ఇందర్‌పత్ అనే పల్లె ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల వరకూ ఉండేది.

వేదకాలంలో పాచికలుగా వాడినవి తానికాయలు. ఋగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం జూదరి గోడు. ఆలు దూరమై, అత్త ఛీకొట్టి, అప్పులపాలైన మనిషి పాచికల చప్పుడు వినపడితే మళ్లీ అటే పరుగెడతాడు. తన కాళ్ల మీద తనకే అదుపు తప్పినవాడికి స్వేచ్ఛ ఎక్కడిదన్న ప్రశ్న ఆ సూక్తంలోనే ఉంది.

హస్తినాపుర ద్యూతం

సభాపర్వంలోని ద్యూతం ఆట న్యాయం గురించి మన సాహిత్యంలోని అతిపెద్ద విచారణ. ఆ పర్వాన్ని పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేశాడు. అప్పటినుంచి నాటకం మీద, తెర మీద, తోలుబొమ్మలాటలో తెలుగువారు ఆ కథ చూస్తూనే ఉన్నారు. శకుని పాచికలు అతని తండ్రి ఎముకలతో చేసినవనీ, అతను చెప్పినట్టల్లా పడేవనీ జనంలో ఒక కథ ఉంది. వ్యాస భారతంలో అది లేదు. అందులో శకుని ఆరితేరిన ఆటగాడు, మోసానికి వెనుదీయనివాడు. ఎముకల కథ తప్పునంతా పాచికల మీదికి నెట్టేస్తుంది. మూలంలో చూస్తే తప్పు ఆట ఏర్పాటులోనే కనిపిస్తుంది.

మొదటి లోపం పిలుపులో ఉంది. ధృతరాష్ట్రుడి ఆజ్ఞ మోసుకుని విదురుడు ఇంద్రప్రస్థం వస్తాడు. పెదతండ్రి పిలిచాడు, పైగా ఆటకు పిలిస్తే కాదననని ధర్మరాజు వ్రతం. రాననే దారి రెండువైపులా మూసుకుపోయింది. రెండో లోపం ఆటగాడి విషయంలో జరిగింది. పణం దుర్యోధనుడిది, పాచికలు వేసేది శకుని. ఒకరి బదులు మరొకరు ఆడటం సరికాదని ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు, చెప్పి కూడా కూర్చుంటాడు. అది వినడానికి తీర్పరి అంటూ సభలో ఎవరూ లేరు. మూడో లోపం పణానికి హద్దు లేకపోవడం. ముత్యాలు, రథాలు, దాసదాసీలు, రాజ్యం, తమ్ములు, తాను, చివరికి ద్రౌపది. ఆమె పేరు ఎత్తింది కూడా శకునే.

ఆ తర్వాత ద్రౌపది అడిగినది నియమాల మీద ప్రశ్న. ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తనను తాను పోగొట్టుకున్నవాడికి మరొకరిని పణం పెట్టే అధికారం ఉంటుందా? భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి తేల్చలేకపోతాడు. వికర్ణుడు ఆమె ఓడిపోలేదని గట్టిగా వాదిస్తాడు, కర్ణుడు ఆ మాట కొట్టేస్తాడు. ఆటలో కూర్చోని మనిషిని, ఆమె ఒప్పుకోలు లేకుండా ఆటలోకి లాగడమే అన్నిటికన్నా పెద్ద అన్యాయం. సభలో పెద్దలున్నా ఆట ఆపమనే అధికారం ఎవరూ వాడుకోలేదు.

ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చాక రెండోసారి జరిగిన ఆట దీనికి భిన్నం. పణం ఒక్కటే. ఓడినవారికి పన్నెండేళ్ల అరణ్యవాసం, పదమూడో ఏడు అజ్ఞాతవాసం, అప్పుడు గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు. అంతా పాచిక వేయకముందే అందరికీ తెలుసు. మూడు హక్కుల్లో ఒకటి నెరవేరింది. రాననే వీలు మాత్రం ఈసారీ లేకపోయింది. అరణ్యపర్వంలో బృహదశ్వుడు నలుడి కథ చెప్పి, ధర్మరాజుకు అక్షహృదయం నేర్పుతాడు. ఆట మర్మం తెలియకుండా కూర్చోవడమూ ఒక లోపమేనని ఆ కథ ఒప్పుకుంటుంది.

అర్థశాస్త్రంలో జూదశాల

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇదే సమస్యను పాలకుడి వైపు నుంచి చూస్తుంది. జూదం ఒక్కచోటనే సాగాలి, దానికి ద్యూతాధ్యక్షుడు ఉండాలి. పాచికలు ఇచ్చేది ఆయనే. ఎవరైనా వాటిని మార్చితే 12 పణాల (నాటి నాణేల) జరిమానా. మోసంతో ఆడినవాడికి దండనతోపాటు గెలిచిన సొమ్ము కూడా పోతుంది. గెలుపులో నూటికి ఐదు వంతులు, పాచికల అద్దె అధ్యక్షుడివి. ఆటగాళ్లిద్దరికీ చెందని మూడో మనిషి చేతిలో పనిముట్లు, తీర్పు ఉండాలన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నేటి గేమ్ మాస్టర్ పదవి వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

హుమాయూన్ వినోదపు తివాచీ

1533లో హుమాయూన్ ఢిల్లీలో దీన్‌పనాహ్ నగరానికి శంకుస్థాపన చేశాడు. నేటి పురానా ఖిలా ఆ నగరపు కోటే. ఆయన ఆస్థాన చరిత్రకారుడు ఖ్వాందమీర్ తన ‘ఖానూనె హుమాయూనీ’లో ఒక వింత ఆటను వర్ణించాడు. పెద్ద గుండ్రని తివాచీ, దాని మీద గ్రహాల పేర్లతో వలయాలు. కొలువువారు తమ తమ వర్గాన్ని బట్టి ఆయా వలయాల్లో కూర్చునేవారు. ఒక్కొక్కరి చేతికి పాచిక ఇచ్చేవారు. దాని ముఖాల మీద అంకెలకు బదులు మనుషుల బొమ్మలు ఉండేవి. నిలబడ్డవాడు, కూర్చున్నవాడు, పడుకున్నవాడు. ఏ బొమ్మ పడితే ఆ మనిషి ఆ భంగిమ పట్టాలి.

పాచిక, పాత్ర రెండూ కలిసిన ఆట ఇది. రోల్‌ప్లేయింగ్ ఆటలకు దీనితో వారసత్వ సంబంధం లేదు, పోలిక మాత్రం విలువైనది. ఇందులో మోసానికి చోటు లేదు. పాచిక నిష్పాక్షికం, అమీరైనా పండితుడైనా బొమ్మ పడితే పడుకోవలసిందే. అయితే ఆటగాడు ఎంచుకోవడానికి కూడా ఏమీ లేదు. పాచిక నిజాయితీ నిండుగా ఉండి స్వేచ్ఛ సున్నా అయితే ఆట ఎలా ఉంటుందో ఈ తివాచీ చూపిస్తుంది.

ఆధునిక ఆట పుట్టుక

నేటి ఆట వంశవృక్షం ప్రష్యా సైన్యపు యుద్ధక్రీడతో మొదలవుతుంది. రైస్విట్జ్ తండ్రీకొడుకులు రూపొందించిన క్రీగ్‌స్పీల్‌ను 1824లో ప్రష్యా సైన్యం స్వీకరించింది. నియమాలు, పట్టికలు మరీ పెరిగిపోవడంతో 1876లో వెర్డీ దు వెర్న్వా పట్టికలు పక్కన పెట్టి, అనుభవం ఉన్న తీర్పరి విచక్షణకే ఫలితం వదిలే పద్ధతిని ముందుకు తెచ్చాడు. నియమమా, తీర్పరా అన్న వాదం అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోంది. అమెరికన్ సైనికాధికారి చార్ల్స్ టాటెన్ 1880లో రాసిన ‘స్ట్రాటెగోస్’ ఆటగాడు ఏ పనికైనా పూనుకోవచ్చని, అది కుదురుతుందో లేదో తీర్పరి తేల్చాలని చెప్పింది.

ఆ పుస్తకం చదివిన డేవిడ్ వెస్లీ 1969లో మినెసోటాలో ‘బ్రౌన్‌స్టైన్’ ఆడించాడు. సైన్యాలకు బదులు ఒక్కొక్కరికి ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. ఆటగాళ్లు బల్ల వదిలి, చాటుకు పోయి, తమలో తాము ఒప్పందాలు చేసుకోసాగారు. ఆట చెడిపోయిందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవారు మాత్రం మళ్లీ కావాలన్నారు. వారిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్, గారీ గైగాక్స్‌తో కలిసి రాసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు.

ఆటగాడి స్వేచ్ఛ

స్వేచ్ఛ అంటే ఏది అనుకుంటే అది జరగడం కాదు. ఏది అనుకున్నా దానికి తగిన పర్యవసానం ఉండటం. ఢిల్లీతో ముడిపడ్డ తెలుగు చరిత్ర నుంచే ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకుని కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపాడు. రాజు ఢిల్లీ చేరలేదు. సోమోద్భవా నది, అంటే నర్మద, ఒడ్డున కన్నుమూశాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. తన ఇచ్ఛతోనే దివికేగాడని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం చెబుతుంది. రాజును విడిపించబోయే నలుగురు అనుచరుల కథగా దీన్ని ఆడదామనుకుందాం.

గేమ్ మాస్టర్ ముందుగానే రాజు చావు ఖాయం చేసుకుని కూర్చుంటే, ఆటగాళ్లు ఏ ఉపాయం పన్నినా ఏదో అడ్డం తెచ్చిపెడతాడు. పడవ మాట్లాడితే పడవ మునుగుతుంది, కావలివాణ్ణి కొంటే కొత్త కావలివాడు వస్తాడు. ఆటగాళ్ల పరిభాషలో దీని పేరు రైల్‌రోడింగ్. ఇంతకన్నా తెలివిగా చేసే మోసం మరొకటి ఉంది. చీలుదారిలో ఎడమకు తిరిగినా కుడికి తిరిగినా ఒకే శత్రుదళం ఎదురయ్యేలా పెట్టడం. ఆటగాడికి ఎంచుకున్నానన్న తృప్తి మిగులుతుంది, నిజానికి ఎంపికే లేదు. ఆ సంగతి ఒకసారి బయటపడితే, తర్వాత ఏ చీలుదారి ముందు నిలిచినా ఆటగాడు ఆలోచించడం మానేస్తాడు.

దీనికి మంచి మార్గం ముందే ఒప్పందం చేసుకోవడం. రాజు బతకడని అందరూ మొదట్లోనే ఒప్పుకుంటే, అప్పుడు ప్రశ్న మారుతుంది. ఆయన ఎలా కన్నుమూశాడు, చివరి మాట ఎవరికి చేరింది, అనుచరుల్లో ఎవరు తిరిగివచ్చారు? రెండు శాసనాలూ రెండు మాటలు చెబుతున్నాయి కాబట్టి ఆ సందులో ఆటకు బోలెడు చోటుంది. లేదా చరిత్రను పక్కన పెట్టి రాజును నిజంగానే విడిపించనివ్వవచ్చు. రెండూ న్యాయమే, ఏది ఆడుతున్నామో అందరికీ తెలిసినంత వరకు. ఓరుగల్లు సేనాని గన్నమ నాయకుడు ఢిల్లీ చేరి, మతం మారి మలిక్ మక్బూల్‌గా, ఫిరోజ్ షా తుగ్లక్ వజీరుగా ఎదిగాడు. ఖానె జహాన్ తిలంగానీగా పేరొందిన ఆయన అష్టకోణపు సమాధి నేటికీ నిజాముద్దీన్‌లో ఉంది. ఒకే ఓటమి నుంచి ఇద్దరు మనుషులు రెండు దారులు పట్టారు. రోల్‌ప్లేయింగ్ ఆట ఆటగాడి ముందు పెట్టేది సరిగ్గా ఇలాంటి ఎంపికనే.

పాచికలు, లెక్క

ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకూ నూటికి ఐదు వంతుల అవకాశం. పదకొండు గానీ అంతకు మించి గానీ రావాలంటే సగానికి సగం. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఐదో కూర్పు అనుకూల పరిస్థితిలో రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోమంటుంది. అప్పుడు అదే అవకాశం నూటికి 75కు పెరుగుతుంది. ఆరు ముఖాల పాచికలు రెండు కలిపి వేస్తే లెక్క వేరు. ఏడు పడే దారులు 36లో 6, రెండు పడే దారి ఒక్కటే. ఏ పాచిక వాడతామన్నదే ఆట స్వభావాన్ని మార్చేస్తుంది. మొదటిదానిలో సాహసం ఎక్కువ, రెండోదానిలో నిలకడ ఎక్కువ.

న్యాయంగా ఆడించేవాళ్లు పాచిక వేయకముందే మూడు మాటలు చెబుతారు. తుగ్లకాబాద్ కోట గోడ దగ్గర ఆట జరుగుతోందనుకుందాం. “గోడ తడిగా ఉంది. పదిహేను రావాలి. తప్పితే పైన కావలివాళ్లు మేలుకుంటారు. ఎక్కుతావా తమ్ముడూ?” అంటాడు గేమ్ మాస్టర్. “వద్దన్నా, గోడ వెంట నడిచి నీటి తూము ఉందేమో చూస్తా” అంటాడు ఆటగాడు. ఎంత రావాలో, తప్పితే ఏం పోతుందో తెలిసింది కనుకే అతను వెనక్కి తగ్గగలిగాడు. హస్తినాపుర సభలో ఎవరూ అడగని “ఎక్కుతావా?” అన్న ఆ ఒక్క మాటలోనే ఆట న్యాయం సగం ఉంది.

తొండి, తెర వెనుక మార్పులు

ఆటగాడు తొండి చేస్తే పట్టుకోవడం తేలిక. పాచిక బల్ల మీద, అందరి కళ్లెదుట వేయమంటే సరిపోతుంది. చిక్కంతా గేమ్ మాస్టర్ తొండితోనే. ఆయన ముందు అట్ట తెర ఉంటుంది, దాని వెనుక పడిన అంకె మరొకరికి కనపడదు. పాత్ర చచ్చిపోకూడదన్న జాలితో పద్దెనిమిదిని ఎనిమిది అని చెబితే తప్పా? 1979 నాటి ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో గైగాక్స్, పాచికను కాదనే హక్కు ఆడించేవాడికి ఉందనే రాశాడు. విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ 2010లో తెచ్చిన ‘అపొకలిప్స్ వరల్డ్’ దీనికి ఎదురుదారి పట్టింది. అందులో ఆడించేవారు పాచికలే వేయరు, వాళ్లు ఏం చేయవచ్చో కూడా నియమాల్లోనే ఉంటుంది. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009 నాటి ‘ఫియాస్కో’లో గేమ్ మాస్టరే ఉండడు.

జాలితో చేసిన మార్పు కూడా ఆటగాడి సొత్తును లాక్కుంటుంది. ఇవాళ ఓటమిని రహస్యంగా తప్పించినవాడు రేపు గెలుపును కూడా రహస్యంగా తప్పించగలడు. మెత్తగా ఆడించాలనుకుంటే చావు లేని నియమాన్ని బాహాటంగా పెట్టుకోవచ్చు. పాచిక వేశాక అంకెను మార్చడం కన్నా వేయకముందు నియమాన్ని మార్చడం మేలు.

సమ్మతి

ద్రౌపది ప్రశ్నకు ఆటల లోకం ఆలస్యంగానైనా జవాబు వెతికింది. ఇప్పుడు చాలా బృందాలు ఆట మొదలుకాకముందు ఒక పూట కూర్చుని, ఏ విషయాలు కథలోకి రానివ్వకూడదో, ఏవి సూచనగా వదిలేయాలో మాట్లాడుకుంటాయి. రాన్ ఎడ్వర్డ్స్ వీటిని హద్దులు, తెరలు అనే రెండు వర్గాలుగా విడదీశాడు. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ ఇంకా సులువైనది. బల్ల మధ్య ఎక్స్ గుర్తున్న కాగితం ఉంటుంది. ఎవరైనా దాన్ని తాకితే ఆ ఘట్టం ఆగుతుంది, కారణం చెప్పనక్కర్లేదు. కులం, మతం, విభజన, అల్లర్లు ఇళ్లలో ఇంకా పచ్చిగా ఉన్న ఢిల్లీలో ఈ ఏర్పాటు విలాసం కాదు. 1947లోనో 1984లోనో నడిచే కథ ఆడదలచుకున్నవారికి ఇది తప్పనిసరి.

చట్టం

పందెం లేని రోల్‌ప్లేయింగ్ ఆట జూదం కిందికి రాదు. అయినా నైపుణ్యం, అదృష్టం మధ్య గీత గీసిన తీర్పుల్లో ముఖ్యమైనది తెలుగు నేల నుంచి ఢిల్లీకి చేరిన వ్యాజ్యమే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆట మీద నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పుతో కూడిన పనులు కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని చెప్పింది. ఆ తీర్పు 1968 నాటి న్యాయ నివేదికల్లో అచ్చయింది. ఢిల్లీకి 1955 నాటి సొంత జూద నిరోధక చట్టం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడే ఆటలను నిషేధించింది.

నేటి ఢిల్లీ, తెలుగువారు

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో ఈ ఆటలు ఎక్కువగా ఇళ్లలో, హాస్టళ్లలో, బోర్డు గేమ్ కెఫేల్లో సాగుతాయి. 2011లో ఢిల్లీ హాట్‌లో మొదలైన కామిక్ కాన్, ఆ తర్వాత ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్, కరోనా నాటి ఆన్‌లైన్ ఆటలు కొత్తవారిని ఇటు నడిపించాయి. 2023 జనవరిలో లైసెన్సు మార్పుల మీద ఆటగాళ్లు తిరగబడటంతో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూల నియమావళి క్రియేటివ్ కామన్స్ కింద విడుదలైంది. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ భాషలో, తమ చరిత్రతో కొత్త ఆట రాసుకోవచ్చు. అదే ఆట కోసం 2022లో వెలువడిన ‘జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్’ పుస్తకం రూపకల్పనకు నాయకత్వం వహించినవారిలో భారతీయ మూలాలున్న అజిత్ జార్జ్ ఒకరు.

అష్టాచెమ్మా గవ్వలు, పచ్చీసు, వైకుంఠపాళి ఎరిగిన తెలుగువారికి పాచిక కొత్త కాదు. అడిగేవాడు, చెప్పేవాడు ఉన్న కథ కూడా కొత్త కాదు, బుర్రకథలో వంతలు ఆ పని చేస్తూనే ఉంటారు. తెలుగులో ఈ ఆట రాయబోయేవారు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. అందమైన ప్రపంచం, పదునైన నియమాలు ఆ తర్వాతి సంగతి. బల్ల దగ్గర కూర్చున్న ప్రతి మనిషికీ ఏం పణం పెడుతున్నారో తెలియాలి, వద్దనే నోరుండాలి, అన్న మాటకు కథ కదలాలి. ఈ మూడూ ఉంటే పాచిక ఎటు పడినా ఓడినవాడు రేపు మళ్లీ ఆడటానికి వస్తాడు. ఆట న్యాయంగా సాగిందనడానికి అంతకన్నా నికరమైన రుజువు లేదు.